కణాల్లేని వెల్‌లో ఊదారంగు

గ్రీన్ టీలోని ఇజిసిజి అనే ఫినాల్ పదార్థం రోగనిరోధక కణాలకు బలమిస్తుందని నేను గట్టిగా నమ్మాను. మా పిన్నికీ చెప్పాను. "నువ్వే కళ్లారా చూశావుగా" అంటూ ఆవిడ గ్రీన్ టీ సారం మాత్రలు మొదలుపెట్టింది.

నేను చూసింది ఇదీ: దాతల రక్తం నుంచి వేరుచేసిన లింఫోసైట్లు, మోనోసైట్లు అనే రోగనిరోధక కణాలను 96 చిన్న గుంటలు (వెల్స్) ఉన్న ప్లేటులో వేసి, ఇజిసిజి కలిపి, మర్నాడు ఎంటీటీ పరీక్ష చేశాను. పసుపుపచ్చగా ఉండే ఎంటీటీని బతికున్న కణాలు ఊదారంగు స్ఫటికాలుగా మారుస్తాయి. రంగు ఎంత చిక్కనైతే అంత ఎక్కువ కణాలు బతికున్నట్టు లెక్క. మోతాదు పెంచినకొద్దీ రంగు చిక్కబడింది. పొంగిపోయాను.

కణాలు వేయకుండా మీడియం, ఇజిసిజి మాత్రమే పోసిన వెల్స్ కూడా పెట్టాలి. తెలియక కాదు, ప్లేటులో చోటు చాలదని వదిలేశాను. తర్వాత ఒక జూనియర్ అడిగితే పెట్టాను. అవీ ఊదారంగుకు తిరిగాయి! ఎలక్ట్రాన్లు ఇచ్చేయడం ఇజిసిజి స్వభావం. మనం మెచ్చుకునే యాంటీఆక్సిడెంట్ గుణం అదే. ఎంటీటీకి కూడా నేరుగా ఇచ్చేసింది, కణాలతో పనే లేకుండా.

ట్రిపాన్ బ్లూ వేసి మైక్రోస్కోపులో చూస్తే, ఎక్కువ మోతాదు వేసిన చోట చాలా కణాలు చచ్చి, నీలం పీల్చుకుని ఉన్నాయి. కల్చర్ మీడియంలో ఇజిసిజి తనంత తానే ఆక్సీకరణ చెంది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. ముందుగా దాన్ని విడగొట్టే కాటలేజ్ ఎంజైము కలిపి చేస్తే చావులు బాగా తగ్గాయి.

అసలు మోతాదే తప్పు. నేను వాడింది 100 మైక్రోమోలార్ దాకా. రెండు మూడు కప్పులు తాగిన మనిషి రక్తంలో ఇజిసిజి సాధారణంగా 1 మైక్రోమోలార్ కూడా ఉండదు. ఇదంతా ముందే చదివాను. ఫలితం నచ్చింది కాబట్టి పట్టించుకోలేదు.

సప్లిమెంట్ల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన ఇజిసిజి తీసుకున్నవారిలో కాలేయ ఎంజైములు పెరిగాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. అది చదివిన రోజే పిన్నికి ఫోన్ చేసి మాత్రలు ఆపించాను, లివర్ పరీక్ష చేయించాను. అన్నీ మామూలుగానే ఉన్నాయి.

ఇప్పుడు 1 మైక్రోమోలార్ దగ్గర, కాటలేజ్‌తోనూ లేకుండానూ, ఫ్లో సైటోమీటర్‌లో కణాలు లెక్కపెడుతున్నాను. ఇప్పటిదాకా చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. థీసిస్‌లో అదే రాస్తున్నాను, కణాల్లేని వెల్స్ ఫొటోతో సహా.