రెడ్‌హిల్స్‌లో పాల బ్యాంకు

హైదరాబాద్ లక్డీకాపూల్‌లో దిగాక రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రికి దారి ఎవర్నీ అడగక్కర్లేదు. చంకలో పసిబిడ్డ, చేతిలో చీటీల సంచి ఉన్నవాళ్ల వెంట నడిస్తే చాలు. తెలంగాణ జిల్లాలే కాదు, సరిహద్దు అవతలి కర్ణాటక, మహారాష్ట్ర ఊళ్ల నుంచీ వస్తారు.

ఈ ఆసుపత్రి పుట్టుకే ఒక చావుతో ముడిపడింది. ఏడో నిజాం కోడలు నీలోఫర్ దగ్గర పనిచేసే రఫత్ కాన్పులో కన్నుమూసింది. మరే తల్లికీ ఆ గతి పట్టకూడదని యువరాణి పట్టుబట్టింది. 1953లో ఆసుపత్రి మొదలైంది.

నేను చూడబోయింది 2017లో సుషేణ హెల్త్ ఫౌండేషన్ తోడ్పాటుతో వచ్చిన ధాత్రి తల్లిపాల బ్యాంకును. గదిలో పాలు తీసే పంపు సన్నగా రొద పెడుతోంది. దాని ముందు కూర్చున్న పిల్ల పచ్చి బాలింత. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగంలో (ఎన్‌ఐసీయూ) ఉన్నాడు. "భయపడకమ్మా, మెల్లగా వస్తాయి" అంటూ సిస్టర్ ఆమె వీపు నిమిరింది. సీసా అడుగున పాలు రెండు వేళ్ల మందాన చేరాయి. మూత బిగించి, తేదీ, వేళ రాసి అతికించారు.

ఇలా సేకరించిన పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి, చల్లార్చి, సూక్ష్మజీవుల పరీక్ష చేసి, మైనస్ 20 డిగ్రీల్లో దాస్తారు. ఇంత శ్రమ ఎందుకంటే, నెలలు నిండని బిడ్డకు డబ్బాపాలు పోస్తే పేగులు కుళ్లే జబ్బు ముప్పు పెరుగుతుంది. కన్నతల్లికి పాలు పడేదాకా మరో తల్లి పాలే రక్ష.

నన్ను కదిలించింది దాతలెవరన్నదే. ఎక్కువమంది ఇదే ఆసుపత్రిలో బిడ్డను పెట్టుకుని, రేపేమవుతుందో తెలియక కూర్చున్న పేద తల్లులు. తమ బిడ్డ తాగగా మిగిలింది పక్క బిడ్డకిస్తున్నారు.

పుట్టినరోజుకు ఆసుపత్రుల్లో పళ్లు పంచేవాళ్లను తప్పుపట్టను. కానీ ఇలాంటి గది నడవాలంటే నెలనెలా డబ్బు కావాలి. ఫ్రీజర్ ఒక్క రాత్రి ఆగినా దాచిన పాలు పారబోయాల్సి రావొచ్చు. మరమ్మతులు, పరీక్షలు, సిబ్బంది జీతాలు: విరాళమిచ్చేవాళ్లు ముందు అడగాల్సింది వీటి గురించే.

బయటి తల్లులూ పాలివ్వొచ్చు. ఆరోగ్యంగా ఉండాలి, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ లేవని రక్తపరీక్షలో తేలాలి, సొంత బిడ్డ కడుపు నిండాకే ఇవ్వాలి. మీ ఇంట్లో బాలింత ఉండి, పాలు మిగులుతుంటే ఆమెకు ఈ మాట చెప్పండి.