ఒకే దుంప... అక్కడ పండగ, ఇక్కడ పస్తు!

పైన ఊదా, కింద లేత పసుపు రంగు. గరుకు తొక్క. చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు. కానీ చలికాలంలో ఉత్తర ఐరోపాలో ఏ కూరగాయల దుకాణానికి వెళ్లినా పలకరించే దుంప ఇది. పేరు రుటబాగ. క్యాబేజీ, టర్నిప్‌ల సంకరంతో పుట్టింది. స్వీడన్‌లో ఇది తనంత తానే పెరుగుతోందని 1620లోనే రాశాడు స్విస్ వృక్షశాస్త్రవేత్త గాస్పార్ బౌహిన్. ఇంగ్లండ్ వాళ్లయితే ఏకంగా దాన్ని 'స్వీడ్' అనే పిలుస్తారు!

వేసవి నాలుగు రోజుల ముచ్చటైన ఆ దేశాల్లో చలికి తట్టుకుని పండేవే తక్కువ. ఈ దుంప చలికి జంకదు. చల్లని నేలమాళిగలో దాస్తే నెలల తరబడి చెడిపోదు. పైగా విటమిన్ సి పుష్కలం. నార్వేలో దీనికి 'ఉత్తరాది నారింజ' అని ముద్దుపేరు అందుకే.

పండగొస్తే ఉండాల్సిందే!

క్రిస్మస్ ముందురోజు రాత్రి పశ్చిమ నార్వేలో ఉప్పు పట్టించి ఎండబెట్టిన గొర్రె పక్కటెముకలను ఆవిరి మీద ఉడికిస్తారు. పక్కన వెన్న వేసి మెదిపిన రుటబాగ లేకపోతే ఆ భోజనం పూర్తికాదు. ఫిన్లాండ్‌లోనూ క్రిస్మస్‌కి దీనిదే హడావుడి. ఉడికించి మెదిపిన దుంపలో మీగడ, గుడ్డు, రొట్టెపొడి, తీపి పాకం, కాస్త జాజికాయ పొడి కలిపి ఓవెన్‌లో పెడతారు. పైన పొర బంగారు రంగులోకి వచ్చాక దించుతారు. స్కాట్లాండ్‌లో జనవరి 25 కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు. ఆ రాత్రి విందులో మాంసంతో చేసిన హాగిస్, బంగాళాదుంపల ముద్ద, వాటితోపాటు 'నీప్స్' వడ్డిస్తారు. నీప్స్ అంటే మరేదో కాదు, మన రుటబాగే.

జర్మనీలో మాత్రం...

అక్కడి కథ వేరు. మొదటి ప్రపంచయుద్ధం సాగుతోంది. బ్రిటన్ నౌకాదళం సముద్ర మార్గాలను దిగ్బంధించింది. 1916లో వానలు, తెగులు దెబ్బకి బంగాళాదుంప పంట సగానికి సగం పోయింది. అప్పటిదాకా ఎక్కువగా పశువులకు వేసే రుటబాగ మనుషుల కంచాల్లోకి వచ్చింది. రొట్టెలో అదే. సూపులో అదే. జామ్ దాంతోనే. ఎండబెట్టి వేయించి 'కాఫీ' కూడా! ఏం వండినా కడుపు మాత్రం నిండేది కాదు. 1916-17 నాటి ఆ శీతకాలాన్ని చరిత్రలో 'రుటబాగ శీతకాలం' అనే అంటారు. యుద్ధం ముగిసేలోపు ఆకలితో, పోషకాహార లోపంతో, వాటివల్ల వచ్చిన జబ్బులతో లక్షలమంది పౌరులు కన్నుమూశారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కరవులోనూ మళ్లీ ఇదే దిక్కయింది. ఆ రోజులు చూసిన పెద్దవాళ్లలో చాలామంది తర్వాత దాని జోలికే పోలేదు.

విచిత్రమేమిటంటే, ప్రాణాలు నిలబెట్టుకోవడానికి తిన్న దుంప మీదే వాళ్లకు విరక్తి కలిగింది. నిజానికి తప్పు దుంపది కాదు. దాంతోపాటు కంచంలో వెన్న, మాంసం, మీగడ ఉంటే అది పండగ భోజనం. అదొక్కటే ఉంటే పస్తు!

ఇప్పుడు జర్మనీలోనూ మార్పు వచ్చింది. ఉత్తరాది ఇళ్లలో చలికాలం వస్తే పొగబెట్టిన మాంసం, క్యారెట్లు, బంగాళాదుంపలతో కలిపి దీన్ని చిక్కటి పులుసులా వండుకుంటున్నారు. ఈసారి గత్యంతరం లేక కాదు... ఇష్టంగానే!