గైడ్‌కు గైడ్ ఎవరు?

పీహెచ్‌డీ స్కాలర్ల గురించి రాయమని సంపాదకులు పంపితే కడపలో నేను ఎక్కువసేపు ఉన్నది యోగి వేమన విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో కాదు, ఊళ్లో ఆ విశ్వవిద్యాలయం కిందే నడిచే సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో. అక్కడి తాటాకుల దగ్గరే నా వాదన మొదలవుతుంది. తాటాకు మీద మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. గంటంతో గీసిన గీత కంటికి ఆనాలంటే దానికి మసి పట్టించాలి. రేఫ ఉండాల్సిన చోట వలపలగిలక కనిపిస్తుంది. పురుగు తిన్న చోట అక్షరం ఉందో లేదో, ఉంటే ఏదో, పక్క ప్రతి చూస్తే తప్ప తేలదు. తెలుగు ఎం.ఏ. చదివినంత మాత్రాన ఇది రాదు. చదవడం వచ్చినవారు పక్కన కూర్చుని, ఇక్కడ మాట విరుగుతుంది, ఇక్కడ లేఖకుడు పొరబడ్డాడు అని వేలు పెట్టి చూపిస్తేనే వస్తుంది. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ తన బంగళాలో పండితులను జీతమిచ్చి కూర్చోబెట్టి చేయించిన పని ఇదే. ఒకే గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించడం, పాఠాలు పోల్చడం, తప్పులు దిద్దడం, శుద్ధప్రతి రాయించడం. అయోధ్యాపురం కృష్ణారెడ్డి, జూలూరి అప్పయ్య వంటివారు ఆ పనిలో ఉన్నారు. వేమన పద్యాలు 1829లో అచ్చుకెక్కాయంటే వెనుక ఈ కూర్చోవడం ఉంది. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు మాట మాటా చదివి, దిద్ది, తిరిగి చేతికివ్వడమే పర్యవేక్షణ. దానికి అంతకన్నా గొప్ప నిర్వచనం అక్కర్లేదు.

ఈ పని వచ్చినవారినే మన విశ్వవిద్యాలయాలు గైడ్లుగా ఎంచుకుంటున్నాయా? యూజీసీ 2022 నిబంధనలు చూడండి. ప్రొఫెసర్‌కు ఎనిమిది మంది, అసోసియేట్ ప్రొఫెసర్‌కు ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నలుగురు స్కాలర్లు. అర్హత పీహెచ్‌డీ, దానితోపాటు కొన్ని ప్రచురణలు: మొదటి ఇద్దరికీ కనీసం అయిదు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మూడు. స్కాలర్‌కు మాత్రం కనీసం పన్నెండు క్రెడిట్ల కోర్స్ వర్క్ తప్పనిసరి. అందులో పరిశోధన నీతి ఒక పాఠం. ప్రతి సెమిస్టర్‌లో సలహా సంఘం ముందు నిలబడాలి. చదివేవాడికి ఇంత శిక్షణ కావాలన్న వ్యవస్థ, చదివించేవాడికి ఒక్క గంట కూడా అవసరమనుకోలేదు. వ్యాసాలు రాసినవాడికి రాయించడం కూడా వస్తుందని అనుకుని వదిలేసింది. ఇవి రెండూ వేరు వేరు విద్యలు.

శిక్షణ లేని చోట ఏం జరుగుతుందో ఏ క్యాంటీన్‌లో కూర్చున్నా వినిపిస్తుంది: ‘చాప్టర్ ఇచ్చి మూడు నెలలైంది, సార్ ఇంకా చూడలేదు.’ చూసి ఇచ్చిన చాప్టర్ల సంగతీ ఆలోచించాలి. మొదటి నాలుగు పేజీల్లో అచ్చుతప్పులకు ఎర్ర సున్నాలు, అయిదో పేజీ నుంచి ఖాళీ, చివర సంతకం. ఈ అధ్యాయం ఏ ప్రశ్నకు జవాబు చెబుతోంది, ఈ పట్టిక ఆ జవాబును నిలబెడుతోందా, ఈ పేరా ఎవరిదో ఎత్తి రాసిందా అని అడిగిన గుర్తు ఒక్కటీ ఉండదు. ఆరు నెలల ప్రోగ్రెస్ రిపోర్టులో గైడ్ అభిప్రాయానికి ఇచ్చే జాగా రెండు గీతలు. అందులో ‘సంతృప్తికరం’ అన్న ఒక్క మాటే పడుతుంది. స్కాలర్‌కు తెలిసేది ఫామ్ మీద సంతకం పడిందని. తన పని ఎక్కడుందో తెలియదు. ఇందులో చాలావరకు దుర్బుద్ధి లేదని నా నమ్మకం. ఆ గైడ్‌కు తన గైడ్ కూడా అంతే చేశారు. ఎవరూ నేర్పని పనిని చూసినట్టే చేస్తాం.

మహాపండితులను ఎవరు తయారు చేశారు, వారికి ఏ శిక్షణ ఇచ్చారు అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మంచి గైడ్ దొరికిన శిష్యుడికి ఏ నిబంధనా అక్కర్లేదు. అయితే మనం వ్యవస్థను కట్టేది దొరకనివాడి కోసం. 2006లో కడపలో, 2008లో కర్నూలులో విశ్వవిద్యాలయాలు వచ్చాక పరిశోధనకు వస్తున్నవారిలో ఎందరో ఇంట్లో మొదటి డిగ్రీవారు. వేరుశనగ చేను, బండల గని, మగ్గం నుంచి వచ్చిన పిల్లలు. థీసిస్ అంటే ఏమిటో చెప్పే బాబాయి, అక్క ఇంట్లో ఉండరు. నగరంలో చదువుకున్న కుటుంబం నుంచి వచ్చిన స్కాలర్‌కు గైడ్ పట్టించుకోకపోయినా ఇంకో దారి ఉంటుంది. వీరికి గైడ్ ఒక్కరే దారి. మంచి పర్యవేక్షణ అదృష్టం మీద ఆధారపడితే, ఆ అదృష్టం ముందుగా ఎవరికి తప్పిపోతుందో వేరే చెప్పాలా?

పైగా ఇక్కడ పరిశోధనకు పనికొచ్చే వస్తువుకు కొరత లేదు. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల శాసనం, మొదటి తెలుగు శాసనంగా పేరున్నది, కడప జిల్లాలోదే. పాత కర్నూలు జిల్లా జ్వాలాపురంలో సుమారు 74 వేల ఏళ్ల కిందటి టోబా అగ్నిపర్వత బూడిద పొరల కిందా పైనా దొరికిన రాతి పనిముట్ల మీద రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం 2007లో ‘సైన్స్’లో రాస్తే లోకం తిరిగి చూసింది. బిల్లసర్గం గుహల్లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1880లలోనే తవ్వాడు. మన నేల మీద ప్రశ్నలు వేసింది ఎక్కువగా బయటినుంచి వచ్చినవారే. ఇక్కడి స్కాలర్‌కు తెలివి తక్కువై కాదు. పొర దగ్గర నిలబెట్టి, ‘నీకు ఇక్కడ ఏం కనిపిస్తోంది, ఎందుకలా అనుకుంటున్నావు’ అని అడిగే మనిషి దొరకడం కష్టమై.

గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. ఉన్నవారి మీద పరీక్షలు, న్యాక్ ఫైళ్లు, కమిటీలు. వారికి ఇంకో శిక్షణ తగిలించడం అన్యాయం అంటారు. ఖాళీలు నింపాల్సిందే, దానికి శిక్షణ ప్రత్యామ్నాయం కాదు. కానీ సమయం తక్కువైనప్పుడే దాన్ని ఎలా వాడాలో తెలియాలి. ముప్పై పేజీల డ్రాఫ్ట్‌లో ముందు ప్రశ్నను, తర్వాత ఆధారాన్ని, చివర భాషను చూడటం తెలిసినవారు అచ్చుతప్పుల దగ్గర గంటలు పోగొట్టుకోరు. నెలకు ఒక తేదీ పెట్టుకుని, మాట్లాడుకున్నది అరపేజీ రాసి ఇద్దరూ దాచుకుంటే మూడో ఏడు వచ్చే తగవులు సగం తగ్గుతాయి. స్వీడన్‌లో కరోలిన్స్కా సంస్థ ప్రధాన గైడ్ కావాలంటే కోర్సు చేయాలంటుంది. అక్కడి అధ్యాపకులకూ పని తక్కువేమీ కాదు.

ఈ శిక్షణ కూడా ప్రమోషన్ సర్టిఫికెట్‌గా మారుతుందన్న భయమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. రిఫ్రెషర్ కోర్సుల అనుభవం ఆ భయాన్ని సమర్థిస్తుంది. మాలవీయ మిషన్ శిక్షణ కేంద్రాల ఎనిమిది అంశాల్లో ‘పరిశోధన, అభివృద్ధి’ ఉంది. గైడ్ పని విడిగా ఒక అంశం కాదు. దాన్ని చేర్చినా, హాల్లో ప్రొజెక్టర్ పెట్టి ఉపన్యాసాలిస్తే ప్రయోజనం సున్నా. పేరు తీసేసిన ఒక డ్రాఫ్ట్ చాప్టర్‌ను పది మంది గైడ్ల చేతుల్లో పెట్టి, విడివిడిగా దిద్దించి, ఎవరు దేన్ని పట్టుకున్నారు, దేన్ని వదిలేశారు అని పక్కపక్కన పెట్టి చూడాలి. తిరుపతిలోని శిక్షణ కేంద్రం దాకా రమ్మనకుండా కడపలో, కర్నూలులో విభాగాలవారీగానే చేయవచ్చు. 2022 నిబంధనలు కో గైడ్‌ను అనుమతిస్తున్నాయి కాబట్టి దాన్నీ వాడుకోవచ్చు: ఒక సీనియర్‌తో కలిసి ఒక్క స్కాలర్‌నైనా సినాప్సిస్ నుంచి వైవా దాకా నడిపించాకే సొంతంగా మొదటి స్కాలర్‌ను ఇవ్వాలి. దీనివల్ల కొన్నేళ్లు సీట్లు తగ్గుతాయి. తగ్గనివ్వండి. ఆరేళ్లు పోగొట్టుకుని పట్టా లేకుండా ఊరికి తిరిగి వెళ్లే స్కాలర్‌కు ఆ సీటు ఇచ్చి చేసిన మేలేమీ లేదు.