క్రిందనుండి చూచిన కొండలు

మొన్నటి దసరా సెలవులలో మా అమ్మాయి యొక చిత్రమును దెచ్చి నాకు జూపినది. అది ఉత్తరాఖండములోని ఔలీ యను చోటిది. దేవదారు చెట్లకు పైగా తెల్లని మంచుబయలు; దానికి వెనుక నందాదేవి శిఖరము. కొందరు కాళ్లకు పొడవైన పలకలు గట్టుకొని మంచుమీద జారుచున్నారు. ఈ క్రీడను స్కీయింగు అందురు. “అమ్మా, మన కొండలమీద మంచెందుకు పడదు? మనకు చూడదగిన కొండయే లేదా?” అని పిల్ల యడిగెను. మొదటి ప్రశ్నకు వాళ్ల నాన్నగారు సమాధానము చెప్పిరి. రెండవదానికి నేను చెప్పిన సమాధానమే యీ వ్యాసము.

వెయ్యి మీటర్లు పైకి బోయినచో వేడి సుమారు 6 డిగ్రీలు తగ్గునట. మన సీమలో ఏడాది పొడవున మంచు నిలువవలెనన్న కొండ 15,000 అడుగులకు మించవలెను. మదనపల్లె దగ్గరి హార్స్లీ కొండలు 4,000 అడుగులకు కొంచెము పైబడినవి. కావున ఆ యూరికంటె అచట మూడు నాలుగు డిగ్రీల చల్లదనమే కాని మంచు లేదు. అయినను మన కొండలకు మరియొక పెద్దరికము గలదు. హిమాలయము పైకి లేవ నారంభించి సుమారు 5 కోట్ల యేండ్లు. మన సీమలోని నల్లరాళ్లు గట్టిపడి సుమారు 250 కోట్ల యేండ్లు. నందాదేవి యెంత యెత్తు పెరిగినను మన గుట్టల ముందు పసిబిడ్డయే.

మావారు బడిపంతులగుటచే మాకు బదిలీలు తప్పవు. మదనపల్లెలో ఎనిమిదేండ్లు, పుంగనూరులో మూడేండ్లు కాపురము జేసి, ఇప్పుడు కుప్పములో నున్నాము. ఊరు మారిన ప్రతిసారి పొయ్యి యెటు పెట్టవలెనని చూచుటకు ముందు, దొడ్డివాకిట నిలిచి కొండ యెటు కనబడునని చూచుట నాకలవాటు.

మదనపల్లెలో మా మిద్దెకు వాయవ్యమున హార్స్లీ కొండ కనబడెడిది. వడియములు పెట్టునపుడును, బట్టలారవేయునపుడును దానినే చూచెడిదానను. ఉగాది గడచినకొలది సూర్యుడు గ్రుంకుచోటు ఉత్తరమునకు జరిగి కొండకు చేరువయగును. జూను కడపట మరల వెనుదిరుగును. కొండ తలపై మబ్బు కూర్చున్నచో వడియములు లోనికి దెచ్చుకొనుట మేలని మా అత్తగారు నేర్పిరి. తడిగాలి కొండవాలు నెక్కుచు చల్లబడి మబ్బగునని తరువాత చదివితిని. ఆమె చదువుకొనలేదు, కాని వడియములెన్నడును తడియలేదు.

కడప కలెక్టరుగా నుండిన హార్స్లీ దొర 1870 ప్రాంతమున దానిపై ఇల్లు గట్టుకొనుటచే కొండకాతని పేరు వచ్చెను. దాని పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ యను నామెను ఏనుగులు పోషించినవని కథ; పైన ఆమెకు గుడియు గలదు. దొర యిల్లు గట్టి పేరు పెట్టెను. క్రిందనున్న అవ్వలు మాత్రము ఆ పాతపేరును విడువలేదు.

ఒకసారి మేమును కొండపైకి బోతిమి. చల్లని గాలి, ఎత్తైన నీలగిరి చెట్లు, క్రింద చెరువులు, పొలములు. అంతయు బాగుండెను. కాని ఇన్నేండ్లుగా నేను జూచిన కొండ అచట లేదు. దాని పైననే నిలిచి దానినే వెదకుచుంటినని మావారు నవ్విరి.

పుంగనూరిలో ఒక్క పెద్దకొండకు బదులు గుట్టల వరుసలు చూచితిని. దగ్గరి గుట్ట గోధుమవన్నె, దాని వెనుకది పచ్చన, కడపటిది నీలము. నడుమనున్న గాలి నీలపు వెలుగును చెదరగొట్టుటచే దూరపుకొండ నీలముగ దోచును. ఆ యూరిపేరిటి పొట్టి యావులు నడుమెత్తునకైనను రావు. ఇప్పుడు అరుదైన ఆ జాతియావు గుట్టమొదట మేయుట యొకనాడు చూచితిని. అది యంత చిన్నదగుటచే ఆ చిన్నగుట్టయే నాకు మహాపర్వతమువలె గనబడెను.

ఇక కుప్పము. ఒకప్పటి జమీందారుల కోటగల కంగుంది కొండను చూచుటకు పరవూళ్లవారును వత్తురు. నేను చెప్పదలచినది దానిని గాదు. మా యింటికి కొంతదూరమున, చెరువు కావల, పేరులేని యొక గుట్ట యుండెను. మేము వచ్చిన యేడు అది బోర్లించిన కుండవలె గుండ్రముగ నుండెను. ఈ ప్రాంతపు రాయి నునుపు పెట్టినచో అద్దమువలె మెరయును. దానికి గిరాకి మిక్కిలి. మరుసటి యేట గుట్ట ప్రక్కన మెట్లవంటి కోతలు గనబడెను. మధ్యాహ్నము పిల్లలు నిద్రించువేళ ధనధనమని మ్రోత, గిన్నెలదరెడివి. ఇప్పుడు గుట్టలో సగమే మిగిలినది.

పేరులేనిదని వ్రాసితిని, అది తప్పు. పాలుపోయు అవ్వ యొకతె దానిని పేరుతోనే పిలిచెడిది. పనితొందరలో ఊకొట్టితినే కాని నేను దానిని మనసున బెట్టుకొనలేదు. అవ్వ పోయిన పిమ్మట ఎందరి నడిగినను “ఆ గుట్టేనా?” అనిరే కాని పేరు చెప్పలేకపోయిరి.

కొండను కొట్టువారిని నిందించి యూరకుండవచ్చును. కాని నేనీ వ్యాసము వ్రాయుచున్న వంటింటి గట్టు మెరయు నల్లరాతిదే. అద్దెయింటిలో అది చూచి, “తుడుచుట యెంత సులభము!” అని మురిసినదానను నేనే. రాతిపని చేసి గంజి త్రాగు కుటుంబములును ఈ యూర నున్నవి. కనుక తీర్పు చెప్పుటకు నాకు నోరాడుట లేదు. కాని చూచుచు చూచుచు మరచిపోవుట మాత్రము నా తప్పేనని తెలిసినది.

మా అమ్మాయి ఇప్పుడు మిగిలిన గుట్టను చిత్రించుచున్నది. పోయిన సగమును నేను నోట చెప్పగా చుక్కలగీతతో పూర్తిచేసినది. క్రింద పేరు వ్రాయుటకు చోటు విడిచినది. సోదరీమణులారా, మీ దొడ్డివాకిటినుండి కనబడు గుట్ట పేరేమో మీ యింటి పెద్దవారిని ఈ సాయంత్రమే యడుగుడు. మా పటము క్రిందిచోటు ఇంకను ఖాళీగనే యున్నది.