పాయింటుకు ఎంత?

పత్తాలాటను గురించి మా వైపు ఒక నమ్మకం ఉంది. పందెం పెరిగినకొద్దీ ఆటగాళ్ళు కూడా గట్టివాళ్ళవుతారని! చింతగింజలు పెట్టి ఆడేవాళ్ళు పిల్లలు. పాయింటుకు పావలా వాళ్ళు సంసారులు. పాయింటుకు పది రూపాయల వాళ్ళు పండితులు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో దీపావళి రాత్రుళ్ళు జంపఖానా అంచున కూర్చుని చాలా ఆటలు చూశాను. ఈ నమ్మకం మాత్రం నాకు కుదరలేదు.

పదమూడు ముక్కల రమ్మీలో ఎవరు ఏది ఎత్తారో, ఏది పారేశారో గుర్తుంచుకోవడం సగం విద్య. తక్కిన సగం, పనికిరాని ముక్కలు పడ్డప్పుడు మూసి కింద పెట్టేయడం. మొదట్లోనే మానుకుంటే 20 పాయింట్లతో పోతుంది. ఆడుతూ మధ్యలో మానుకుంటే 40. మొండిగా కూర్చుంటే, ఎదుటివాడు షో చెప్పేసరికి 80 దాకా పోవచ్చు. అంచేత 20 ఇచ్చి 80 తప్పించుకునేవాడే ఆటగాడు.

జగిత్యాలలో ఉన్న మా బావకు ఈ విద్య రెండు సగాలూ వచ్చు. పావలా ఆటలో 20 పాయింట్లంటే అయిదు రూపాయలు. నవ్వుతూ కింద పెట్టేవాడు, తెల్లవారేసరికి గెలిచి లేచేవాడు.

ఆ ధీమాతో ఒక యేడు మంచిర్యాలలో పది రూపాయల ఆటకు కూర్చున్నాడు. అక్కడున్నవాళ్ళు మహా పండితులేమీ కారు. ఒకాయనకు తాను పారేసిన ముక్కే గుర్తుండదు! కాని ఇక్కడ 20 పాయింట్లంటే రెండు వందలు. ఆ పెద్దమనుషులకది లెక్కలోది కాదు, బావకు వారం రోజుల ఇంటి సామాను. చేతిలో ఒక్క సీక్వెన్సయినా లేకపోయినా కింద పెట్టలేకపోయాడు. తర్వాత అడిగితే, "రెండు నూర్లు ఉత్తగ ఎట్ల ఇడిసిపెడుదు?" అన్నాడు. రెండు వందలు విడవలేక ఎనిమిది వందలు, మళ్ళీ ఎనిమిది వందలు! మేనకోడలి కాలేజీ ఫీజుకని అక్క ఎత్తిన చిట్టీ డబ్బు ఆ రాత్రే కరిగిపోయింది. అక్క ఒక్క మాటా అనలేదు. అదే ఆయనకు పెద్ద శిక్ష.

చింతగింజల ఆటలో ఎవరూ కింద పెట్టరు, పోయేది లేదు గనుక. పెద్ద పందెంలో లేనివాడూ కింద పెట్టడు, పోయేది చాలా ఉంది గనుక. కళ్ళూ జ్ఞాపకమూ అవే. పందెం మారితే చెయ్యి మారిపోతుంది. ధర్మరాజు మాత్రం చేసిందేమిటి? పందెం పెంచుకుంటూ పోయాడు గాని, దానితోపాటు ఆట పెరిగిందా?

సికింద్రాబాదు క్లబ్బు కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు, రమ్మీ మూడు ముక్కలాట వలె కేవలం అదృష్టం కాదనీ, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి గనుక ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అనీ తేల్చింది. నిజమే. కోర్టు ఆటను తూచింది. ఆటగాడి జేబును తూచడం దాని పని కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే రమ్మీకి ఆ నేర్పు పేరిట ఉన్న మినహాయింపును తీసివేసింది. 2025లో పార్లమెంటు ఆన్‌లైను డబ్బాటలను దేశమంతటా నిషేధించింది. నేర్పుకు చట్టం విలువ కట్టగలదేమో గాని, నేర్పు యే పందెం దగ్గర చెదిరిపోతుందో మాత్రం ఎవరికి వారే తెలుసుకోవాలి.

ఎవరైనా "నేను బాగా ఆడతాను" అంటే, పాయింటుకు ఎంత అని అడగండి. వెంటనే, ఇంట్లో ఎంత ఉంది అని కూడా అడగండి. రెండో జవాబు వింటే గాని మొదటిదానికి అర్థం తెలియదు.