సంతకం ఎవరిది?

ఇంట్లో పనిమనిషిని కుదుర్చుకునే అధికారం ఎవరిదంటారు? అత్తగారు ఆనవాళ్ళు అడుగుతారు, కోడలు జీతం మాట్లాడుతుంది, ఇంటాయన కాఫీ ఆలస్యమైన రోజున మాత్రమే నోరు విప్పుతాడు. కుదిర్చింది ఎవరో తేలని ఇంట్లో జీతం పెంచేదెవరో, మానిపించేదెవరో కూడా తేలదు. ఈ చిక్కే ప్రభుత్వానికి వస్తే చట్టం చెయ్యాల్సి వస్తుంది.

చట్టం అనగానే పేజీ తిప్పెయ్యకండి. ఇది మన పిల్లలకు పాఠం చెప్పేవాళ్ళ సంగతి.

ఇంటర్మీడియట్ బోర్డుకు 1971లో చట్టం వచ్చింది. పరీక్షలు, సిలబస్, కాలేజీల గుర్తింపు దాని పని. ప్రభుత్వ జూనియర్ కాలేజీ లెక్చరర్ని మాత్రం బోర్డు నియమించదు. పోస్టు మంజూరు చేసేది ప్రభుత్వం, మనిషిని ఎంపిక చేసేది పబ్లిక్ సర్వీస్ కమిషన్. మార్కులు వేయించేది ఒకరు, పాఠం చెప్పేవాళ్ళని ఎంచేది మరొకరు!

1994లో అప్పటి ఆంధ్రప్రదేశ్ అంతటికీ రెండో నంబరు చట్టం వచ్చింది. రోజుకూలీ లెక్కన ఎవర్నీ ఉద్యోగంలో పెట్టుకోకూడదని, ఎంపిక పద్ధతి ప్రకారమే జరగాలని దాని సారాంశం. ఆఫీసరుగారి బావమరిది తిన్నగా వచ్చి కుర్చీలో కూర్చునే రోజులకు అడ్డుకట్ట అన్నమాట. సిఫార్సు చేసేవాళ్ళు లేని ఆడపిల్లకు అంతకంటే అండ ఏముంటుంది?

బాగానే ఉంది. మరి ఖాళీలు నింపకుండా ఊరుకుంటే? పిల్లలు బెంచీల మీద కూర్చునే ఉన్నారు కదా! అందుకే కాంట్రాక్టు లెక్చరర్లు వచ్చారు.

వరంగల్‌లో మా చెల్లెలి వరసావిడకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దది 2008లో కాంట్రాక్టు మీద చేరి బోటనీ చెప్పింది. ఏటేటా కొత్త ఆర్డరు. జూన్ వచ్చిందంటే ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. చిన్నది పీజీ చేసి, నోటిఫికేషన్ కోసం హైదరాబాదు హాస్టల్లో పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది.

2016లో తెలంగాణ ప్రభుత్వం ఆ చట్టంలో 10ఎ అనే సెక్షన్ చేర్చింది. దాని ఆసరాతో 2023లో అయిదువేల మందికి పైగా కాంట్రాక్టు ఉద్యోగులు రెగ్యులర్ అయ్యారు. ఎక్కువమంది జూనియర్ కాలేజీల వాళ్ళే. పెద్దదీ అయింది. పదిహేనేళ్ళ తర్వాత మొదటిసారి జూన్ నెలలో నిద్రపోయానంది.

"మాకు రావాల్సిన పోస్టులే అక్కావాళ్ళకు పోయినయి పెద్దమ్మా!" అంది చిన్నది. స్వీటు మాత్రం తింది లెండి. 2022 డిసెంబరులో 1,392 జూనియర్ లెక్చరర్ పోస్టులకు నోటిఫికేషన్ పడింది గానీ, ఆమె సబ్జెక్టులో ఆమె వంతు రాలేదు. 2024 నవంబరులో హైకోర్టు 10ఎ చెల్లదంది. అప్పటికే రెగ్యులర్ అయినవాళ్ళను మాత్రం కదపలేదు. ఆ రోజు అక్కకు గుండె దడ, చెల్లెలికి ఆశ. ఇద్దరికీ అన్నం వడ్డించిన తల్లి మనసు మీరే ఊహించుకోండి.

ఎవరిది న్యాయం? ఇద్దరిదీనూ. పదిహేనేళ్ళు పాఠం చెప్పినామెను పొమ్మనడం అన్యాయం. పరీక్ష రాస్తానని కూర్చున్నామెకు తలుపు వేసెయ్యడమూ అన్యాయమే. సకాలంలో ఖాళీలు నింపి ఉంటే అక్క అప్పుడే పరీక్ష రాసి రెగ్యులర్‌గా చేరేది, చెల్లెలు తన వంతుకు తను రాసేది. అక్కచెల్లెళ్ళ మధ్య తగువు ఆ చట్టం పెట్టలేదు. అధికారం ఉండీ కదలని చెయ్యి పెట్టింది.

సంతకం ఎవరు పెట్టాలో చట్టాలు చక్కగానే రాస్తాయి. ఏ తేదీలోగా పెట్టాలో కూడా ఒక్క వాక్యం కలిపితే వాళ్ళ సొమ్మేం పోతుంది, చెప్పండి?