టులెట్ బోర్డు

2023 జూలైలో ఆ ఫైసలా వచ్చిన రోజు డెస్కులో వార్త రాసింది నేనే. నిజాం జమానాలో, 1329 ఫస్లీలో, అంటే 1919లో చేసిన హిజ్రాల కానూన్‌ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. ఆడవాళ్ల బట్టలు, నగలు వేసుకుని వీధిలో కనబడినా, ఆడినా పాడినా వారెంట్ లేకుండా పట్టుకోవచ్చట. రెండేళ్ల దాకా ఖైదు. పేర్లకి ఒక రిజిస్టర్. ఉర్దూ మీడియం బడిలో నిజాం గురించి నేను విన్నవన్నీ తారీఫులే, ఈ ముక్క ఏ సబఖ్‌లోనూ లేదు. హెడ్డింగ్ బాగుందని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు.

అదే నెల మా మేడ మీది పోర్షన్ ఖాళీ అయింది. ఒక సాయంత్రం ఆపా వచ్చింది. మా బిడ్డ పుట్టినప్పుడు ఢోలక్ వాయించి, ఒళ్లో పెట్టుకుని దువా ఇచ్చి వెళ్లిన హిజ్రా ఆపా. ఉన్న గది ఖాళీ చేయమన్నారట. "కిరాయా ఎంతైనా ఇస్తా భాయ్, అడ్వాన్స్ కూడా తెచ్చా" అంది.

"ఎవరికో ఇచ్చేశాం ఆపా" అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. టులెట్ బోర్డు గేటుకే వేలాడుతోంది. "ఖుదా ఖుష్ రఖే" అని వెళ్లిపోయింది.

లోపల నుంచి అమ్మీ అంతా విన్నది. "దువా తీసుకున్నప్పుడు లేని షరమ్ గది ఇవ్వడానికి ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?" అంది. మొహల్లావాళ్లు ఏమంటారోనని నసిగాను. మొహల్లాలో ఎవర్నీ అడగనే లేదు.

మదర్సాలో చదివిన మా మామూ చెప్పేవాడు, ఖున్సాకి విరాసత్‌లో హిస్సా ఎంతో, నమాజులో సఫ్ ఎక్కడో ఫిఖ్ కితాబుల్లో రాశారని. ఖున్సా, హిజ్రా ఒకటే కాదు, తెలుసు. అయినా నిలబడే చోటు గురించి ఆలోచించారు కదా! 2014లో సుప్రీంకోర్టు తామెవరో తామే చెప్పుకునే హక్ వాళ్లకిచ్చింది. 2019 కానూన్ మూడో సెక్షన్ ఇల్లు కిరాయాకిచ్చే దగ్గర వివక్ష చూపకూడదంటుంది. ఆ రాత్రి కూర్చుని మొత్తం చదివాను. శిక్షలున్నది 18వ సెక్షన్‌లో. కిరాయాకి ఇవ్వనన్న నాలాంటివాడి ఊసు అందులో లేదు. గుండె తేలికైంది. ఆ తేలికే ఇప్పటికీ గుచ్చుతుంది.

మర్నాడు అమ్మీయే బోర్డు తీయించి, ఆపాని పిలవమంది. ఆమె నంబరు మా దగ్గర లేదు, ఎప్పుడూ అడగలేదు. ఉన్న గది కూడా అప్పటికే ఖాళీ చేసిందన్నారు.

ఢోలక్ చప్పుడు వినబడితే అమ్మీ ఇప్పటికీ గేటు దాకా వెళ్తుంది. నేను లోపలే ఉంటాను.